‘తప్పుగా’ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో ఏ అడ్వర్బ్ వాడాలి? అడుగడుగునా మార్గదర్శి

“మా అబ్బాయి స్కాలర్‌షిప్ అప్లికేషన్ తప్పుగా రిజెక్ట్ చేశారు. ఈమెయిల్లో రాంగ్లీ అని రాయాలా, ఇంప్రాపర్లీ అనా, అన్‌ఫెయిర్లీ అనా?” ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వ్యాకరణం ప్రకారం మూడూ సరైనవే. కానీ మూడూ మూడు వేరువేరు ఆరోపణలు. మొదటిది నిర్ణయం తప్పిందంటుంది, రెండోది పద్ధతి తప్పిందంటుంది, మూడోది న్యాయం తప్పిందంటుంది. ఆ ఈమెయిల్ చదివే అధికారి దేనికి సంజాయిషీ ఇవ్వాలో ఆ ఒక్క మాటే తేలుస్తుంది.

అందుకే ఈ అడ్వర్బులను, అంటే క్రియావిశేషణాలను, జాబితాలా బట్టీ పట్టడం వల్ల లాభం లేదు. ఒక వరసలో ఆలోచించాలి. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. ఇంగ్లీషు మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. పైకి చదువుకుంటూ వెళ్లండి, చెవికి పట్టుబడతాయి.

1. మొదట ‘గా’ సంగతి తేల్చుకోండి

తెలుగులో మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు విశేషణానికి ‘గా’ తగిలించి పని కానిచ్చేస్తాం. “రూడ్‌గా మాట్లాడాడు”, “అన్‌నెసెసరీగా తిట్టాడు”, “ఇండీసెంట్‌గా బిహేవ్ చేశాడు”. తెలుగు వాక్యంలో ఇది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే క్రియావిశేషణం చేసే పనంతా ‘గా’ చేసేస్తోంది.

చిక్కు పూర్తి ఇంగ్లీషు వాక్యంలోకి వెళ్లినప్పుడు వస్తుంది. ‘గా’ రాలిపోతుంది, దాని చోట ‘లీ’ రాదు. “హీ టాక్డ్ వెరీ రూడ్”, “హీ స్కోల్డెడ్ మీ అన్‌నెసెసరీ” అనే వాక్యాలు అలా పుట్టినవే.

ఇక్కడ సూత్రం ఒకటే: ‘గా’ రాలిన చోట ‘లీ’ రావాలి.

- హీ టాక్డ్ వెరీ రూడ్లీ.
- హీ స్కోల్డెడ్ మీ అన్‌నెసెసరిలీ.

ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే జారుతారు. “నాకది తప్పుగా అనిపించింది” అన్నప్పుడు కూడా తెలుగులో ‘గా’ ఉంది. కానీ ఇంగ్లీషులో “ఇట్ ఫెల్ట్ రాంగ్” అనాలి. “ఇట్ ఫెల్ట్ రాంగ్లీ” అనకూడదు. ఇక్కడ ‘తప్పుగా’ అనే మాట ఆ విషయం ఎలాంటిదో చెబుతోంది. పని ఎలా జరిగిందో చెప్పడం లేదు.

తేడా పట్టుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు.

- “ఎలా చేశాడు?” అనే ప్రశ్నకు జవాబైతే ‘లీ’ పెట్టండి. హీ రిప్లైడ్ రూడ్లీ.
- “ఎలా ఉంది?” అనే ప్రశ్నకు జవాబైతే ‘లీ’ వద్దు. హిజ్ రిప్లై సౌండెడ్ రూడ్.

బీ, సీమ్, ఫీల్, లుక్, సౌండ్, అపియర్ అనే క్రియలు ఉండడం, అనిపించడం, కనిపించడం, వినిపించడం అనే అర్థంలో వస్తే వాటి తర్వాత విశేషణమే పెట్టాలి. “ద డెసిషన్ వాజ్ అన్‌ఫెయిర్” అంటాం. “ద డెసిషన్ వాజ్ అన్‌ఫెయిర్లీ” అని ఆపేస్తే వాక్యం మధ్యలో తెగిపోయినట్టుంటుంది. “అన్‌ఫెయిర్లీ... ఏం చేశారు?” అని వినేవాళ్లు ఎదురుచూస్తారు.

2. తప్పిందేమిటో మీకు మీరే చెప్పుకోండి

డిక్షనరీ తెరవకముందే ఈ పని చేయాలి. తెలుగులోనే చేయాలి. ‘తప్పుగా’ అన్న మాటను పక్కన పెట్టి, నిజంగా ఏది తప్పిందో అడగండి.

- నిజం తప్పిందా? లెక్క, పేరు, గుర్తింపు, నిర్ణయం వాస్తవానికి సరిపోలేదా? అయితే రాంగ్లీ. పొరబడ్డారని కూడా చెప్పాలంటే మిస్టేకన్లీ.
- పద్ధతి తప్పిందా? చేయాల్సిన విధానంలో చేయలేదా? అయితే ఇంప్రాపర్లీ.
- సందర్భం తప్పిందా? పని తప్పు కాదు గానీ ఆ చోటుకు, ఆ మనిషికి, ఆ సమయానికి తగదా? అయితే ఇనప్రోప్రియట్లీ.
- న్యాయం తప్పిందా? ఒకరికి ఒకలా, మరొకరికి ఇంకోలా చూశారా? అయితే అన్‌ఫెయిర్లీ. చేయని తప్పుకు శిక్ష పడిందంటే అన్‌జస్ట్లీ.
- చట్టం తప్పిందా? అయితే ఇల్లీగల్లీ లేదా అన్‌లాఫుల్లీ.
- మర్యాద తప్పిందా? మాట తీరులో అయితే రూడ్లీ. సిగ్గూ శరీరమూ ముడిపడిన విషయమైతే ఇండీసెంట్లీ.
- మోతాదు తప్పిందా? ఉండాల్సినదానికన్నా ఎక్కువైందా? అయితే అన్‌డ్యూలీ.
- వృత్తి ధర్మం తప్పిందా? అయితే అన్‌ప్రొఫెషనల్లీ. నైతికంగా తప్పైతే అన్‌ఎథికల్లీ.

ఇప్పుడు మొదట్లో చెప్పిన స్కాలర్‌షిప్ సంగతే తీసుకుందాం. “మై అప్లికేషన్ వాజ్ ... రిజెక్టెడ్.” ఖాళీలో ఏం పెట్టాలి?

అర్హతకు 60 శాతం మార్కులు కావాలి. మీ అబ్బాయికి 72 వచ్చాయి. వాళ్లు 52 అని చదివారు. ఇది రాంగ్లీ.

ఒక కాగితం తక్కువైతే ముందు కబురు చేసి గడువివ్వాలని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అలా చేయకుండా తిప్పి పంపేశారు. ఇది ఇంప్రాపర్లీ.

అవే కాగితాలతో పక్కింటి అమ్మాయి పెట్టిన అప్లికేషన్ తీసుకుని మీ అబ్బాయిది తీసుకోలేదు. ఇది అన్‌ఫెయిర్లీ.

తిరస్కరించే అధికారం చట్టం వాళ్లకు ఇవ్వనే లేదు. ఇది అన్‌లాఫుల్లీ.

మీ దగ్గర ఉన్న రుజువు మార్కుల మెమో ఒక్కటే అనుకోండి, అప్పుడు రాంగ్లీ దగ్గరే ఆగండి. అన్‌లాఫుల్లీ అని రాస్తే ఆ మాటను నిరూపించాల్సిన బరువు మీ మీదే పడుతుంది.

3. దగ్గర దగ్గరగా కనిపించే మాటల్ని విడదీయండి

ఈ భాగం నిదానంగా చదవండి. ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే.

3.1 రాంగ్, రాంగ్లీ

రాంగ్ అనే మాట విశేషణంగానే కాదు, ‘లీ’ లేకుండానే అడ్వర్బుగా కూడా పనిచేస్తుంది. మాటల్లో క్రియ తర్వాత వస్తే రాంగ్ సహజంగా ఉంటుంది. “దే స్పెల్ట్ మై నేమ్ రాంగ్.” ఉత్తరంలో రాంగ్లీ అన్నా తప్పు లేదు.

క్రియకు ముందు మాత్రం రాంగ్ కుదరదు. “మై నేమ్ వాజ్ రాంగ్లీ స్పెల్ట్” అనే అనాలి. “మై నేమ్ వాజ్ రాంగ్ స్పెల్ట్” అనేది ఇంగ్లీషు చెవికి గుచ్చుకుంటుంది. ఇంటిపేరు ఎటు రాయాలో, పొడి అక్షరాలు విడదీయాలో వద్దో తెలియక పాస్‌పోర్టులో ఒకలా, సర్టిఫికెట్లో ఒకలా పేరు పడడం మన ఇళ్లలో మామూలే కాబట్టి ఈ ఒక్క వాక్యం కంఠతా పెట్టుకున్నా పనికొస్తుంది.

గో, గెట్ అనే క్రియలతో ఎప్పుడూ రాంగే. “సమ్‌థింగ్ వెంట్ రాంగ్.” “యూ గాట్ ఇట్ రాంగ్.” ఇక్కడ రాంగ్లీకి చోటు లేదు.

ఇంకొకటి. “రాంగ్ రూట్‌లో వచ్చాడు” అని మనం అంటాం. దాన్ని “హీ డ్రోవ్ రాంగ్లీ” అని రాయకండి. అలా రాస్తే బండి నడపడం రాదన్న అర్థం వస్తుంది. “హీ డ్రోవ్ ఆన్ ద రాంగ్ సైడ్ ఆఫ్ ద రోడ్” అనాలి. తప్పు నడపడంలో లేదు, ఎంచుకున్న పక్కలో ఉంది. ఏది తప్పో దాని పక్కనే రాంగ్ పెట్టండి.

3.2 రాంగ్లీ, రాంగ్‌ఫుల్లీ

రెండోది చట్టం వాసన ఉన్న మాట. ఎవరిదైనా హక్కుకు భంగం కలిగితేనే వాడాలి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 339వ సెక్షన్ రాంగ్‌ఫుల్ రిస్ట్రెయింట్ గురించి, 340వ సెక్షన్ రాంగ్‌ఫుల్ కన్‌ఫైన్‌మెంట్ గురించి చెప్పేవి. మనిషికి వెళ్లే హక్కున్న దిక్కుకు వెళ్లనివ్వకపోవడం మొదటిది. ఒక హద్దు దాటి బయటికి రానివ్వకపోవడం రెండోది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇంగ్లీషు పాఠంలోనూ ఈ మాటలే కొనసాగాయి. కాబట్టి “హీ వాజ్ రాంగ్‌ఫుల్లీ కన్‌ఫైన్డ్” అంటే బరువైన ఆరోపణ. పేరు తప్పుగా పడిందని చెప్పడానికి రాంగ్‌ఫుల్లీ వాడితే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

డిసానెస్ట్లీ అనే మాట కూడా ఇలాంటిదే. వాడుకలో నిజాయితీ లేకుండా అని అర్థం. పీనల్ కోడ్ 24వ సెక్షన్‌లో మాత్రం ఒకరికి అక్రమ లాభం గానీ మరొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలన్న ఉద్దేశంతో చేయడం అని కచ్చితమైన నిర్వచనం ఉండేది, న్యాయ సంహితలోనూ అదే కొనసాగింది. పోలీసు ఫిర్యాదులో ఈ మాట రాసే ముందు ఆ ఉద్దేశాన్ని చూపించగలరా అని ఆలోచించుకోండి.

బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఇంకో జాగ్రత్త. అక్కడ రాంగ్‌ఫుల్ డిస్మిసల్ వేరు, అన్‌ఫెయిర్ డిస్మిసల్ వేరు. నోటీసు ఇవ్వకుండా తీసేయడం లాంటి ఒప్పంద ఉల్లంఘన మొదటి రకం. రెండోది 1996 నాటి ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ ఇచ్చిన హక్కుకు సంబంధించింది, తగిన కారణం లేకుండానో న్యాయమైన పద్ధతి పాటించకుండానో తీసేయడం. “ఐ వాజ్ రాంగ్‌ఫుల్లీ డిస్మిస్డ్” అని, “ఐ వాజ్ అన్‌ఫెయిర్లీ డిస్మిస్డ్” అని రాస్తే అక్కడి లాయరు రెండు వేరు కేసులుగా చదువుతారు.

3.3 ఇంప్రాపర్లీ, నాట్ ప్రాపర్లీ

“ట్యాపు సరిగా బిగించలేదు” అన్నదానికి “ద ట్యాప్ వాజ్ నాట్ ఫిటెడ్ ప్రాపర్లీ” అంటే చాలు. మన ‘సరిగా ... లేదు’కి ఇదే తూకంగా సరిపోతుంది.

ఇంప్రాపర్లీ వస్తువుల గురించి, యంత్రాల గురించి అయితే మామూలు మాటే. “ఇంప్రాపర్లీ ఇన్‌స్టాల్డ్” అని మాన్యువళ్లలో చూస్తుంటాం. మనుషుల ప్రవర్తన గురించి, డబ్బు గురించి వాడితే అందులో నింద వస్తుంది. “ద ఫండ్స్ వర్ నాట్ యూజ్డ్ ప్రాపర్లీ” అంటే సద్వినియోగం కాలేదని. “ద ఫండ్స్ వర్ యూజ్డ్ ఇంప్రాపర్లీ” అంటే ఎవరో వేలు పెట్టారని. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయిన్‌టెనెన్స్ లెక్కల గురించి గ్రూపులో రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంటే ఇరుగుపొరుగు మధ్య మాటలు పెరగవు.

3.4 ఇల్లీగల్లీ, అన్‌లాఫుల్లీ, ఇల్లిసిట్లీ

రోజువారీ వాడుకలో ఇల్లీగల్లీ సరిపోతుంది. “ఇల్లీగల్లీ పార్క్డ్”, “ఇల్లీగల్లీ ఆక్యుపైడ్”. చట్టాల్లో, కోర్టు కాగితాల్లో అన్‌లాఫుల్లీ ఎక్కువ. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది చట్టం చెప్పిన ఒకానొక దురుద్దేశంతో గుమిగూడితే అది అన్‌లాఫుల్ అసెంబ్లీ. అక్కడ ఇల్లీగల్ అసెంబ్లీ అనరు.

ఇల్లిసిట్లీలో చాటుమాటు ఉంటుంది. నిషేధించినదాన్ని గుట్టుగా చేయడం. ఎక్సైజ్ వార్తల్లో నాటుసారాను ఐడీ లిక్కర్ అని రాయడం చూసే ఉంటారు. ఆ ఐడీ అంటే ఇల్లిసిట్లీ డిస్టిల్డ్. అడవిలోనో తోటలోనో ఎవరి కంటా పడకుండా కాచిన సారాకి అంతకన్నా సరిపోయే అడ్వర్బ్ లేదు. రోడ్డు మీద అందరూ చూస్తుండగా ఆపిన కారుకు మాత్రం ఇల్లిసిట్లీ పార్క్డ్ అనకండి.

స్పెల్లింగులో ఒక హెచ్చరిక. ‘రాబట్టడం’ అనే అర్థమున్న ఇంకో మాట దీనిలాగే వినిపిస్తుంది, అది ‘ఈ’ అక్షరంతో మొదలై ఒక్క ‘ఎల్’తో ఉంటుంది. మన మాట ‘ఐ’తో మొదలవుతుంది, రెండు ‘ఎల్’లు.

3.5 ఇనప్రోప్రియట్లీ, ఇండీసెంట్లీ, మిస్‌బిహేవ్

ఆఫీసుకు హవాయి చెప్పులతో వచ్చాడు. ఇనప్రోప్రియట్లీ డ్రెస్డ్ అంటే సరిపోతుంది. ఇండీసెంట్లీ డ్రెస్డ్ అంటే ఒళ్లు కనిపించేలా వచ్చాడన్న అర్థం వస్తుంది. చెప్పులకు అంత పెద్ద మాట తగదు.

పలికేటప్పుడు చివర ‘ప్రియట్లీ’ అని పొట్టిగా పలకాలి. ‘ప్రియేట్లీ’ అని సాగదీస్తే ‘సొంతం చేసుకోవడం’ అనే అర్థమున్న క్రియ పలుకుబడి అవుతుంది.

ఇక్కడ చాలా ముఖ్యమైన విషయం ఒకటుంది. “హీ మిస్‌బిహేవ్డ్ విత్ మీ” అని మన దేశంలో రాస్తే లైంగికంగా వేధించాడన్న సంగతి చదివేవాళ్లకు తెలుస్తుంది. వేరే దేశాల ఇంగ్లీషులో మిస్‌బిహేవ్ అంటే పిల్లవాడు అల్లరి చేసినట్టే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పనిచేసే ఆడపిల్ల హెచ్‌ఆర్‌కు ఈ వాక్యం రాస్తే జరిగినదాని తీవ్రత సగం కూడా చేరదు. “హీ టచ్డ్ మీ ఇనప్రోప్రియట్లీ” అని గానీ, ఇంకా మంచిది, ఎక్కడ చేయి వేశాడో, ఏమన్నాడో ఉన్నదున్నట్టు గానీ రాయాలి. ఈ ఒక్క చోట అడ్వర్బ్ చాటున ఆగిపోవద్దని గట్టిగా చెబుతాను.

3.6 అన్‌డ్యూలీ

దీనికి తెలుగులో ‘అతిగా’, ‘ఉండాల్సినదానికన్నా’ అనే మాటలు దగ్గరవుతాయి. విశేషణానికి ముందు బాగా కుదురుతుంది: “అన్‌డ్యూలీ హార్ష్”, “అన్‌డ్యూలీ లాంగ్”. ‘నాట్’తో కలిసి కూడా తరచూ వస్తుంది: “ఐ యామ్ నాట్ అన్‌డ్యూలీ వరీడ్”, అంటే మరీ అంత దిగులేమీ లేదని.

అన్‌నెసెసరిలీ అంటే అసలు అక్కర్లేదని. అన్‌డ్యూలీ అంటే కొంత అవసరమే గానీ హద్దు మీరిందని. జరిమానా వేయడం సబబే, కానీ మొత్తం ఎక్కువైంది అంటే “ద ఫైన్ ఈజ్ అన్‌డ్యూలీ హై”. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ 16వ సెక్షన్‌లోని అన్‌డ్యూ ఇన్‌ఫ్లుయెన్స్ కూడా ఈ కుటుంబానిదే. ఒకరి మనసును లొంగదీయగల స్థితిలో ఉన్నవాళ్లు ఆ పలుకుబడితో అన్యాయపు లాభం పొందడం అది.

4. మాటను తయారు చేయండి

ఇందులో పెద్దగా కష్టం లేదు, త్వరగా చూసేద్దాం.

- పీ, బీ, ఎమ్ అక్షరాల ముందు ‘ఇమ్’: ఇంప్రాపర్లీ, ఇమ్మోరల్లీ.
- ఎల్ ముందు ‘ఇల్’: ఇల్లీగల్లీ, ఇల్లిసిట్లీ.
- ఆర్ ముందు ‘ఇర్’: ఇర్‌రెస్పాన్సిబ్లీ, ఇర్‌రెగ్యులర్లీ.
- ‘అన్’ మాత్రం ఏ అక్షరం ముందూ రూపం మార్చుకోదు: అన్‌లాఫుల్లీ, అన్‌రీజనబ్లీ, అన్‌ప్రొఫెషనల్లీ.

ఏ మాటకు ‘అన్’, ఏ మాటకు ‘ఇన్’ కుటుంబం అనేది మాత్రం వాడుకలోనే పట్టుబడాలి. ఇల్లీగల్, అన్‌లాఫుల్ రెండూ ఎల్‌తో మొదలైన మాటలకు ముందు తగిలినవే, అయినా దారులు వేరయ్యాయి.

కొన్ని విశేషణాల చివర ముందే ‘లీ’ ఉంటుంది: అన్‌సీమ్లీ, డిసార్డర్లీ, అన్‌ఫ్రెండ్లీ, కవర్డ్లీ. వీటికి మళ్లీ ‘లీ’ తగిలించకూడదు. “ఇన్ ఎ డిసార్డర్లీ మ్యానర్”, “ఇన్ యాన్ అన్‌ఫ్రెండ్లీ వే” అని తిప్పి చెప్పాలి.

5. వాక్యంలో సరైన చోట కూర్చోబెట్టండి

మాట సరైనదే అయినా చోటు మారితే అర్థం మారిపోతుంది.

5.1 తెలుగు వరసను తిరగేయండి

“నిన్న మీటింగులో దురుసుగా మాట్లాడాడు.” కాలం, చోటు, తీరు, క్రియ. ఇంగ్లీషులో దీన్ని వెనక నుంచి చదవండి: క్రియ, తీరు, చోటు, కాలం. “హీ స్పోక్ రూడ్లీ యట్ ద మీటింగ్ యెస్టర్‌డే.” తెలుగు వాక్యం చివర నుంచి మొదటికి వస్తే ఇంగ్లీషు వరస దాదాపు తయారైనట్టే. మా విద్యార్థులకు మొదటి రోజే ఈ చిట్కా చెబుతాను.

5.2 క్రియకూ కర్మకూ మధ్య దూర్చకండి

“హీ యూజ్డ్ ఇంప్రాపర్లీ ద మనీ” తప్పు. “హీ యూజ్డ్ ద మనీ ఇంప్రాపర్లీ” గానీ “హీ ఇంప్రాపర్లీ యూజ్డ్ ద మనీ” గానీ సరైనది.

5.3 కర్మణి వాక్యంలో (ప్యాసివ్ వాయిస్‌లో) అసలు క్రియను ఆనుకుని పెట్టండి

“ఐ హ్యావ్ బీన్ రాంగ్లీ చార్జ్డ్.” హ్యావ్, బీన్ అన్నీ అయ్యాక, అసలు క్రియకు ఒక్క అడుగు ముందు. ఫిర్యాదు ఉత్తరాల్లో ఎక్కువగా పనికొచ్చే చోటు ఇదే: రాంగ్లీ అక్యూజ్డ్, అన్‌ఫెయిర్లీ ట్రీటెడ్, ఇంప్రాపర్లీ స్టోర్డ్, అన్‌డ్యూలీ డిలేడ్.

5.4 ముందు పెడితే ఒకటి, చివర పెడితే ఇంకొకటి

ఈ రెండు వాక్యాలు చూడండి.

“షీ లెఫ్ట్ ద రూమ్ రూడ్లీ.” వెళ్లిన తీరు బాగాలేదు. తలుపు ధడాలున వేసి ఉండొచ్చు, కుర్చీ తన్ని ఉండొచ్చు.

“రూడ్లీ, షీ లెఫ్ట్ ద రూమ్.” వెళ్లడమే అమర్యాద. అడుగుల చప్పుడు కూడా కాకుండా నెమ్మదిగా వెళ్లినా సరే, పెద్దాయన మాట్లాడుతుండగా లేచిపోవడం తప్పు.

“ఆవిడ మర్యాద లేకుండా వెళ్లిపోయింది” అనే తెలుగు వాక్యంలో రెండర్థాలూ ఒదిగిపోతాయి. ఇంగ్లీషులో చోటు చెప్పేస్తుంది. రాంగ్లీతో తేడా ఇంకా స్పష్టంగా ఉంటుంది. “షీ ఆన్సర్డ్ ద క్వశ్చన్ రాంగ్లీ” అంటే చెప్పిన జవాబు తప్పు. “రాంగ్లీ, షీ ఆన్సర్డ్ ద క్వశ్చన్” అంటే జవాబు సరైనదే కావచ్చు, అసలు నోరు విప్పకుండా ఉండాల్సింది.

వాక్యం మొదట్లో పెట్టినప్పుడు వెనక కామా పెట్టడం మరవకండి. “రైట్లీ ఆర్ రాంగ్లీ” అనే జంట కూడా తరచూ ఇలా మొదట్లోనే వస్తుంది. మంచో చెడో, తప్పో ఒప్పో అని మనం వాక్యం మొదలుపెట్టినట్టే.

6. ఫిర్యాదు ఉత్తరంలో వాడే వరస

అడ్వర్బుతో మొదలుపెట్టి కోపం వెళ్లగక్కడం సులువు. కానీ చదివేవాళ్లకు ముందు జరిగిన సంగతి కావాలి. నేను చెప్పే వరస ఇది.

ఒకటి, తేదీ, అంకెలు, జరిగిన పని రాయండి. అడ్వర్బ్ వద్దు.
రెండు, ఏ నియమం ప్రకారం ఏం జరగాల్సిందో రాయండి.
మూడు, అప్పుడు ఒకే ఒక్క అడ్వర్బ్ పెట్టండి.
నాలుగు, మీకేం కావాలో అడగండి.

కరెంటు బిల్లు ఉదాహరణ తీసుకుందాం. మీటర్లో 140 యూనిట్లు ఉంటే బిల్లులో 410 పడ్డాయి. “యువర్ స్టాఫ్ ఇల్లీగల్లీ అండ్ ఇర్‌రెస్పాన్సిబ్లీ గేవ్ మీ ఎ రాంగ్ బిల్” అని రాస్తే సిబ్బంది తమను కాపాడుకునే పనిలో పడతారు. “ద మీటర్ షోస్ 140 యూనిట్స్. ద బిల్ షోస్ 410. ఐ హ్యావ్ బీన్ రాంగ్లీ బిల్డ్ ఫర్ 270 యూనిట్స్. ప్లీజ్ ఇష్యూ ఎ రివైజ్డ్ బిల్” అని రాస్తే వాళ్లు దిద్దే పనిలో పడతారు.

ఒక వాక్యంలో నింద మోసే అడ్వర్బ్ ఒకటి చాలు. రెండు పెడితే రెండోది మొదటిదాని బలం లాగేస్తుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

“డోంట్ థింక్ మీ రాంగ్లీ.”
మన ‘నన్ను తప్పుగా అనుకోకండి’ నుంచి వచ్చింది. అపార్థం చేసుకోవద్దనడానికి “డోంట్ గెట్ మీ రాంగ్”. ‘ఏమీ అనుకోకండి’ అంటూ ఒక చేదు మాట చెప్పబోతుంటే “ప్లీజ్ డోంట్ టేక్ దిస్ ద రాంగ్ వే”.

“హీ మిస్‌యూజ్డ్ ద కార్డ్ రాంగ్లీ.”
‘మిస్’లోనే తప్పు ఉంది. రాంగ్లీ తీసేయండి. మిస్‌స్పెల్ట్ రాంగ్లీ, మిస్‌ట్రీటెడ్ బ్యాడ్లీ కూడా ఇంతే.

“ఐ రాంగ్లీ సెంట్ ద మెయిల్ టు యూ.”
మీరు చెప్పదలచింది ‘పొరపాటున పంపాను’ అని. “ఐ సెంట్ యూ ద మెయిల్ బై మిస్టేక్” అనండి.

“హీ బ్యాడ్లీ వాంట్స్ ద జాబ్” అంటే చెడ్డగా కోరుకుంటున్నాడనుకోవడం.
వాంట్, నీడ్ లాంటి క్రియలతో బ్యాడ్లీ అంటే ‘ఎంతగానో’ అని. ఇక్కడ నింద లేదు.

“షీ టుక్ మై వర్డ్స్ రాంగ్లీ.”
మాటలో కష్టపెట్టుకుంది అనడానికి “షీ టుక్ మై వర్డ్స్ ద రాంగ్ వే” అనాలి. పాత పద్ధతి ఉత్తరాల్లో “టుక్ ఇట్ అమిస్” కనిపిస్తుంది. అమిస్‌కు ‘లీ’ అక్కర్లేదు, అది అడ్వర్బే.

“చనిపోయినవాళ్ల గురించి చెడుగా మాట్లాడకూడదు.”
బ్యాడ్లీ కన్నా ఇల్ బాగుంటుంది: “స్పీక్ ఇల్ ఆఫ్ ద డెడ్”. ఇల్ అంటే జబ్బు అనే అర్థమే మనకు అలవాటు గానీ, ఇక్కడ అది ‘చెడుగా’ అనే అడ్వర్బ్.

8. పంపే ముందు చూసుకోవాల్సినవి

- ఏది తప్పిందో తెలుగులో ఒక్క మాటలో చెప్పగలుగుతున్నానా?
- నేను ఎంచుకున్న అడ్వర్బ్ ఆ ఒక్కదాన్నే చెబుతోందా, నా దగ్గర రుజువున్నంతవరకే చెబుతోందా?
- ‘ఎలా ఉంది’ అనే చోట పొరపాటున ‘లీ’ పెట్టానా?
- క్రియకూ కర్మకూ మధ్య అడ్వర్బ్ ఇరుక్కుందా?
- మొదట్లో పెట్టానా, చివర్లో పెట్టానా? ఆ చోటు నేననుకున్న అర్థమే ఇస్తోందా?
- ‘మిస్’ ఉన్న క్రియకు మళ్లీ రాంగ్లీ తగిలించానా?
- ఒకే వాక్యంలో రెండు నిందలు ఉన్నాయా?

9. చేసి చూడండి

కింది వాక్యాలను ఇంగ్లీషులో రాసి, తర్వాత జవాబులు చూడండి.

అ. నీట్‌లో తప్పుగా రాసిన ప్రతి ప్రశ్నకూ ఒక మార్కు పోతుంది.
ఆ. ఆయన జవాబు నాకు అమర్యాదగా అనిపించింది.
ఇ. మందుల్ని సరిగా నిల్వ చేయలేదు.
ఈ. నా పింఛను మరీ ఆలస్యం చేశారు.
ఉ. చెల్లిని అన్యాయంగా తిట్టారు.
ఊ. పెళ్లిలో మా మామయ్య అసందర్భంగా రాజకీయాలు మాట్లాడాడు.

జవాబులు:

అ. వన్ మార్క్ ఈజ్ డిడక్టెడ్ ఫర్ ఎవ్రీ క్వశ్చన్ ఆన్సర్డ్ రాంగ్లీ.
ఆ. హిజ్ రిప్లై సౌండెడ్ రూడ్ టు మీ. ఇక్కడ రూడ్లీ రాసి ఉంటే 1వ భాగం ఇంకోసారి చదవండి.
ఇ. ద మెడిసిన్స్ వర్ నాట్ స్టోర్డ్ ప్రాపర్లీ. మందుల షాపు మీద ఫిర్యాదు రాస్తున్నట్టయితే ‘ఇంప్రాపర్లీ స్టోర్డ్’ అన్నా తగును.
ఈ. మై పెన్షన్ హ్యాజ్ బీన్ అన్‌డ్యూలీ డిలేడ్.
ఉ. మై సిస్టర్ వాజ్ అన్‌ఫెయిర్లీ స్కోల్డెడ్. ఆమె ఆ తప్పు చేయనే లేదంటే అన్‌జస్ట్లీ.
ఊ. ఇనప్రోప్రియట్లీ, మై అంకుల్ టాక్డ్ పాలిటిక్స్ యట్ ద వెడ్డింగ్. అడ్వర్బును చివర పెడితే మామయ్య రాజకీయాలు మాట్లాడిన తీరు బాగాలేదన్న అర్థం వస్తుంది. ఇక్కడ తప్పు తీరులో లేదు, పెళ్లిపందిట్లో ఆ ఊసు ఎత్తడంలో ఉంది. కాబట్టి ముందే పెట్టాలి.